బెంగళూరులో ఎంబీబీఎస్ సీటు కోసం వస్తున్నారా? ముందు ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుందో చూసుకోండి

నిన్న రాత్రి తొమ్మిదింటికి మదనపల్లె ఆయన ఒకరు మారతహళ్లిలో మా ఫ్లాట్‌కి వచ్చారు. కూతురి కౌన్సెలింగ్ లాగిన్ తెరుచుకోవట్లేదట. పెట్టిన కాలేజీల ఆప్షన్లు చూసుకుందామంటే పాస్‌వర్డ్ తప్పంటోంది. కొత్తది పెడదామని మా లాప్‌టాప్‌లో నొక్కి, ఆయన ఫోన్ చేతిలో పట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చున్నాం. ఓటీపీ రాలేదు. స్క్రీన్ మీద చుక్కల తర్వాత కనిపించే చివరి అంకెలు చూసి, "ఇది మా నంబర్ కాదు బాబూ" అన్నారు. అది సీటు ఇప్పిస్తానన్న ఏజెంట్‌ది. అతనికి ఫోన్ చేస్తే ఇంకో రెండు లక్షలు పంపితే లాగిన్ ఇస్తానన్నాడు.

ర్యాంకు చాలక, మన దగ్గర కన్వీనర్ కోటాలో (తక్కువ ఫీజు) సీటు రాదని తేలాక బెంగళూరు బండెక్కేవాళ్లు చాలామంది. అందులో తప్పేం లేదు, ఇక్కడ ప్రైవేటు సీట్లు బయటి రాష్ట్రాల పిల్లలకూ ఉన్నాయి. డబ్బులు పోతాయని మీకు ఎలాగూ భయం ఉంటుంది, దాని గురించి నేను చెప్పక్కర్లేదు. నేను చూసిన కుటుంబాలు మునిగింది మాత్రం రిజిస్ట్రేషన్ రోజున. "మీకెందుకండీ టెన్షన్, ఫారం మేం నింపుతాం" అని ఏజెంట్ తన నంబర్, తన మెయిల్ పెట్టేస్తాడు. ఆ రోజు నుంచి మీ పిల్ల ర్యాంకు అతని చేతిలో ఉన్నట్టే. ఏ కాలేజీ పెట్టాలో, ఏది తీసేయాలో, ఎప్పుడు లాక్ చేయాలో అన్నీ అతనే చేస్తాడు. 2024లో ఇక్కడ ఇంజినీరింగ్ సీట్ల బ్లాకింగ్ (చేరని పిల్లల పేరుతో సీట్లు పట్టి ఉంచడం) కేసులో కూడా పిల్లల లాగిన్లు వాడుకున్నారనే గొడవే. నంబర్ మీదే ఉండాలి.

దారులు రెండే. కర్ణాటక ప్రైవేటు కాలేజీలకు కేఈఏ, అంటే కర్ణాటక ఎగ్జామినేషన్స్ అథారిటీ, దాని ఆఫీసు బెంగళూరు మల్లేశ్వరంలో ఉంది. డీమ్డ్ యూనివర్సిటీలకు (యూనివర్సిటీ హోదా ఉన్న కాలేజీలు) ఢిల్లీలోని ఎంసీసీ, అంటే మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ, అక్కడ రిజిస్ట్రేషన్ 5,000, డిపాజిట్ 2 లక్షలు. కాలేజీ తనంతట తాను సీటు ఇచ్చే పద్ధతి లేదు, మేనేజ్‌మెంట్ అన్నా ఎన్‌ఆర్‌ఐ అన్నా నీట్ క్వాలిఫై అవ్వాలి, కౌన్సెలింగ్ జాబితాలో పేరు రావాలి. "చైర్మన్ గారు మావాడే" అని హోటల్ లాబీలో కూర్చుని చెప్పేవాడి కాఫీ తాగేసి వచ్చేయండి.

విదేశం అంటారా, 2021 నవంబర్ నుంచి రూల్ మారింది: చదువు కనీసం 54 నెలలు, ఆ తర్వాత 12 నెలల ఇంటర్న్‌షిప్, రెండూ ఒకే సంస్థలో, ఇంగ్లీషులోనే. రెండేళ్లు ఒక దేశం, మిగతాది ఇంకో దేశం అని ప్యాకేజీ చెప్పేవాడికి ఇది చూపించి ముఖం చూడండి. తిరిగొచ్చాక ఎఫ్‌ఎంజీఈలో, అంటే విదేశంలో చదివినవాళ్లకి ఇక్కడ పెట్టే పరీక్షలో, 300కి 150 రావాలి.

ఇక మిగతావి:

కర్ణాటక స్థానికత సర్టిఫికెట్ చేయించిస్తామంటే ఫోన్ పెట్టేయండి. ఇక్కడ ఏళ్ల తరబడి చదివిన పిల్లలకు ఇచ్చేది అది, దొంగది బయటపడితే చేరిన సీటూ పోతుంది, కేసూ పడుతుంది.

దూరపు మేనమామని ఎన్‌ఆర్‌ఐ స్పాన్సర్‌గా చూపించే అఫిడవిట్ మీద సంతకం పెట్టొద్దు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు "వెరిఫికేషన్‌కి" అని ఏజెంట్‌కి ఇవ్వొద్దు. పదో తరగతి మెమో కోసం ఒక తండ్రి నెల రోజులు తిరగడం చూశాను.

నగదు ఇవ్వొద్దు. కేఈఏ, ఎంసీసీ, కాలేజీ కాక ఇంకెవరి ఖాతాకీ ఒక్క రూపాయి పంపొద్దు.

ఆప్షన్లు పిల్ల పక్కన కూర్చుని నింపండి. నింపాక ప్రింట్ తీసుకోండి. చివరి తేదీ నాడు కాదు, ముందే.

ఫీజు కోర్సు మొత్తానికీ కలిపి లెక్కేయండి, హాస్టల్ వేరు.

ఇంటర్నెట్ సెంటర్లో నింపినా సరే, ఆ కుర్రాడి మెయిల్ పెట్టనివ్వొద్దు.

రిజిస్టర్ అయిపోయిందా? ఇప్పుడే లాగవుట్ చేసి, కొత్త పాస్‌వర్డ్ పెట్టే చోట నొక్కి చూడండి. ఓటీపీ మీ చేతిలో ఉన్న ఫోన్‌కి రాకపోతే అక్కడే ఆపి నంబర్ మార్పించుకోండి.

మదనపల్లె ఆయన ఇందాకే ఫోన్ చేశారు. నంబర్ మార్చమని అర్జీ ఇవ్వడానికి పొద్దున్నుంచీ కేఈఏ ఆఫీసు లైన్లో ఉన్నారట, పాప సంతకం అడిగారట. పాపేమో ఊళ్లో ఉంది. రాత్రి బస్సుకి రమ్మన్నారు.