పాత ఫైల్‌లో చుక్కల గోల

పర్లాకిమిడిలో ఒక కళ్యాణమండపానికి బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో త్రీడీ బొమ్మ వేస్తున్నా. స్తంభాల నిండా చిన్న బల్బులు. రెండర్ కొడితే, అంటే తుది బొమ్మ తీయిస్తే, స్టేజీ వెనకగోడంతా ఇసుక చల్లినట్టు చుక్కలే. శాంపిల్స్ (ఒక్కో పిక్సెల్‌కి వెలుతురు ఎన్నిసార్లు లెక్కగట్టాలన్నది) పెంచితే కరెంటు ఖర్చు తప్ప ఫలితం లేదు.

2023లో వచ్చిన బ్లెండర్ 3.5 వెర్షన్ నుంచి, అందులో రెండర్ చేసే ఇంజిన్ సైకిల్స్‌లో ‘లైట్ ట్రీ’ ఉంది. ఎక్కడ ఏ దీపం ప్రభావం ఎక్కువో అంచనా కట్టి, దాన్నే ఎక్కువసార్లు ఎంచుకుంటుంది. కొత్త సీన్లలో ఆన్‌లోనే ఉంటుంది. అంతకుముందు వెర్షన్ ఫైల్ అయితే శాంప్లింగ్ సెట్టింగుల్లో లైట్స్ కింద మనమే టిక్ పెట్టాలి. నాది పాత ఫైలే. టిక్ పెట్టాక గోడ తేటపడింది. శాంపిల్‌కి టైమ్ కాస్త ఎక్కువ పడుతుంది, అయినా లాభమే.

వినాయకుడి మీది స్పాట్ పక్క పరదాను తెల్లగా కొట్టేస్తుంటే, బ్లెండర్ 4.0లోని లైట్ లింకింగ్‌తో (ఏ దీపం ఏ వస్తువు మీద పడాలో ఎంచుకునే సదుపాయం) విగ్రహానికే పరిమితం చేశా. నిజం మండపంలో ఏ ఎలక్ట్రీషియనూ ఇది చేయలేడని ఓనరుగారికి ముందే చెప్పా.