జనం మాట వినే విద్య – మూడో పాఠం: ఎవరిని అడగాలి?

కిందటి పాఠంలో ప్రశ్న రాయడం నేర్చుకున్నాం. గోదావరి డెల్టా కాలువలకి జూన్ మొదటి వారంలోనే నీళ్లు వదలడం మీద ఒక ప్రశ్న రాసి ఉంచుకోమన్నాను. మీలో చాలామంది ఇలాంటిదే రాసుకుని ఉంటారు: "జూన్ మొదటి వారంలో కాలువకి నీళ్లొస్తే మీ ఇంటికి మేలా, ఇబ్బందా, తేడా ఏమీ ఉండదా, ఇప్పుడే చెప్పలేరా?" ఇది మంచి ప్రశ్న. రైతునీ అడగొచ్చు, ఊడ్పులకి వెళ్లే కూలీనీ అడగొచ్చు, మంచినీళ్ల చెరువు నిండడం కోసం ఎదురుచూసే ఇల్లాలినీ అడగొచ్చు. "తుపానుకి పంట పోకుండా ముందే నీళ్లు వదిలితే మంచిదే కదా?" అని రాసినవాళ్లు మాత్రం రెండో పాఠం ఇంకోసారి చదవండి. ఆ ప్రశ్నకి కాదనేవాళ్లు ఎవరుంటారు?

ప్రశ్న కుదిరింది. ఇప్పుడు దాన్ని ఎవరి ముందు పెట్టాలి? నా దృష్టిలో సర్వే విద్యలో సగానికి పైగా ఇక్కడే ఉంది. ప్రశ్న కాస్త వంకరగా ఉంటే చదివినవాళ్లు పట్టుకుంటారు. మనుషుల్ని ఎంచుకోవడంలో వంకర ఉంటే అంకెల్లో కనిపించదు. నూటికి 70 మంది మేలన్నారని రాస్తాం, చదివినవాళ్లు నమ్ముతారు, ఆ నూరుగురూ ఎవరని ఎవరూ అడగరు.

పుస్తకం పట్టుకుని సాయంత్రం సెంటర్లో టీ కొట్టు దగ్గర నిలబడితే చీకటి పడేలోగా 100 జవాబులు వచ్చేస్తాయి. కానీ అక్కడ ఆడవాళ్లు ఉండరు. చేపల చెరువుల మీద రాత్రి కాపలాకి వెళ్లేవాళ్లు అప్పటికే బయల్దేరి ఉంటారు. లంక నుంచి వచ్చినవాళ్లు ఆఖరి పడవకి వెళ్లిపోయి ఉంటారు. పేటలోవాళ్లు వేరే కొట్టుకి వెళ్తారు. మిగిలేది సెంటర్లో కూర్చోడానికి తీరిక ఉన్న మగవాళ్లు. వాళ్ల అభిప్రాయం తప్పని కాదు. కానీ అది ఊరి అభిప్రాయం కాదు. ధవళేశ్వరం దగ్గర దోసిట్లోకి తీసుకున్న నీళ్లు రుచి చూసి, సముద్రంలో కలిసే అంతర్వేది దగ్గర కూడా గోదావరి తియ్యగా ఉందని రాసేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ఈ పొరపాటు ఎంత పెద్దది కాగలదో 1936లో అమెరికాలో తేలింది. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక అధ్యక్ష ఎన్నికకి ముందు దాదాపు కోటి మందికి పోస్టులో నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని పత్రిక లెక్క కట్టింది. ఫలితం వచ్చేసరికి 48 రాష్ట్రాల్లో 46 అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కి వెళ్లాయి. అదే ఎన్నికలో జార్జ్ గాలప్ అనే ఆయన దాదాపు 50 వేల మందిని అడిగి రూజ్‌వెల్టే గెలుస్తాడని చెప్పగలిగాడు.

20 లక్షల జవాబులు ఎందుకు తప్పాయి? పత్రిక పేర్లు తీసుకున్న జాబితాల్లో టెలిఫోన్ డైరెక్టరీలూ, కార్ల రిజిస్ట్రేషన్లూ ముఖ్యమైనవి. అది మాంద్యం నాటి అమెరికా. ఫోనూ కారూ ఉన్నవాళ్లు కాస్త ఉన్నవాళ్లే. పని పోయినవాడి పేరు ఆ జాబితాలో లేదు. పైగా బ్యాలెట్ అందుకున్న కోటి మందిలో జవాబు రాసి పంపింది నాలుగో వంతుకి కాస్త తక్కువ. రూజ్‌వెల్ట్ మీద కోపంగా ఉన్నవాళ్లే ఎక్కువ శ్రద్ధగా తిప్పి పంపారని తర్వాత పరిశీలించినవాళ్లు తేల్చారు. జాబితాలో లేనివాళ్లు ఒక వంకర, జాబితాలో ఉండి మాట్లాడనివాళ్లు ఇంకో వంకర. ఈ పాఠం మొత్తం ఈ రెండిటి గురించే.

మన ఊళ్లో టెలిఫోన్ డైరెక్టరీ లాంటి జాబితాలు ఏవి? మొదటిది భూముల పాస్‌బుక్కుల జాబితా. రైతుల్ని అడగాలంటే చాలామందికి ముందు తట్టేది ఇదే. డెల్టాలో ఇది చాలా ప్రమాదకరమైన జాబితా. ఇక్కడ పొలం దున్నేది ఎక్కువగా కౌలు రైతు. భూమిగలాయన రాజమండ్రిలోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు. కౌలు చాలాచోట్ల నోటిమాట మీదే నడుస్తుంది, కాగితం ఉండదు. ముందే నీళ్లు వస్తాయంటే భూమిగలాయన మంచిదే అనొచ్చు. ఆయనకి రావలసిన బస్తాలు ఎలాగూ వస్తాయి. కౌలు ఇంకా మాట్లాడుకోని, విత్తనానికి అప్పు ఇంకా పుట్టని మనిషికి అదే జూన్ మొదటి వారం టెన్షన్. పాస్‌బుక్కు జాబితా పట్టుకుని వెళ్తే ఈ రెండో మనిషి ఇంటి గడప తొక్కం.

ఊరి వాట్సాప్ గ్రూపూ అంతే. డ్వాక్రా సంఘాల జాబితా పట్టుకుంటే ఆడవాళ్లు దొరుకుతారు, కానీ సంఘంలో ఉన్న ఆడవాళ్లే. రేషన్ కార్డుల జాబితాలో ఇళ్లు ఉంటాయి, కార్డు లేని ఇల్లు ఉండదు. ఏ జాబితా చేతికొచ్చినా ముందు అడగాల్సిన మాట ఒకటే: ఇందులో ఎవరు లేరు?

నేను ఈ పాఠాలు రాయడానికి కారణం కూడా ఇక్కడే చెప్పాలి. 2011లో కోనసీమ రైతులు సార్వా (తొలకరి వరి పంట) వేయకుండా పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేదన్నారు, కూలీలు దొరకడం లేదన్నారు, డ్రెయిన్లు పూడిపోయి చేలు మునుగుతున్నాయన్నారు. ఇవేవీ ఆ ఏడాది కొత్తగా పుట్టిన బాధలు కావు. పొలాలు బీడు పెట్టాకే రాష్ట్రమంతా వాటి గురించి మాట్లాడింది. ఎన్నిక ఐదేళ్లకొకసారి వస్తుంది. ఓటు ఎవరికి పడిందో తెలుస్తుంది, ఎందుకు పడిందో తెలియదు. గ్రామసభలో గొంతున్నవాళ్ల మాట వినిపిస్తుంది. ఈ మధ్యలో ఉన్న ఖాళీని నిజాయితీగా చేసిన సర్వే కొంతవరకు పూడ్చగలదు. అందుకే దీన్ని ఫలితాల మీద పందాలు కాసేవాళ్లకి వదిలేయకూడదు. ఇది ఊరివాళ్ల చేతిలో ఉండాల్సిన పనిముట్టు.

సరే, పనిలోకి వద్దాం. మనకి దొరికే జాబితాల్లో అన్నిటికంటే తక్కువ వంకర ఉన్నది ఓటర్ల జాబితా. 18 నిండినవాళ్లలో దాదాపు అందరూ ఉంటారు. భూమి ఉన్నా లేకపోయినా, మగా ఆడా తేడా లేకుండా ఉంటారు. ఎన్నికల అధికారి వెబ్‌సైట్లో బూత్‌లవారీగా దొరుకుతుంది. మన దేశంలో ఈ పద్ధతి కొత్తది కాదు. 1963లో రజనీ కొఠారీ ఢిల్లీలో స్థాపించిన సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ, అందులో భాగమైన లోక్‌నీతి, తమ ఎన్నికల అధ్యయనాలకి ఓటర్ల జాబితాల నుంచే పేర్లు తీసి, వాళ్ల ఇళ్లకి మనుషుల్ని పంపుతాయి.

మీ ఊళ్లో నాలుగు బూత్‌లున్నాయనీ, మొత్తం 4,200 పేర్లున్నాయనీ అనుకుందాం. మనకి 140 జవాబులు కావాలి. కానీ 140 పేర్లే తీస్తే చాలవు. చనిపోయినవాళ్లుంటారు, పెళ్లై అత్తారింటికి వెళ్లినవాళ్లుంటారు, కువైట్‌లోనో దుబాయ్‌లోనో పనిలో ఉన్నవాళ్లుంటారు. కాబట్టి 210 తీద్దాం. 4,200ని 210తో భాగిస్తే 20. అంటే ప్రతి ఇరవయ్యో పేరు. మొదటి పేరు ఎక్కడ మొదలవ్వాలన్నది మనం నిర్ణయించకూడదు. ఒకటి నుంచి 20 వరకు చీటీలు రాసి గ్లాసులో వేసి ఒక పిల్లాడి చేత తీయించండి. 13 వచ్చిందనుకోండి. 13, 33, 53, 73, అలా చివరి దాకా వెళ్లండి. ఒక బూత్ అయిపోగానే లెక్క మళ్లీ మొదలుపెట్టకండి, తర్వాతి బూత్‌లోకి అలాగే కొనసాగించండి.

ఇంత సులువైన పద్ధతికి ఇంత బలం ఎక్కడిది? జాబితా ఇంటి నంబర్ల వరుసలో, వీధి వెంట వీధి నడుస్తుంది. ఇరవయ్యేసి పేర్లు దాటుకుంటూ వెళ్తే రామాలయం వీధీ తగులుతుంది, పేటా తగులుతుంది, ఏటిగట్టు అవతలి ఇళ్లూ తగులుతాయి. ఒకే ఇంట్లో ఇద్దరు రావడం అరుదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎవరిని అడగాలో ఎంచుకునే అధికారం మన చేతిలోంచి పోతుంది. మనకి తెలిసినవాళ్లు, మర్యాదగా మాట్లాడేవాళ్లు, కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చేవాళ్లు, వీళ్ల వైపు కాళ్లు వాటంతటవే వెళ్తాయి. చీటీలో వచ్చిన అంకె ఆ కాళ్లని ఆపుతుంది.

ఇప్పుడు గుమ్మం దగ్గరికి వెళ్దాం. కొత్తగా చేసేవాళ్లు తడబడేది ఇక్కడే. జాబితాలో ఆవిడ పేరుంటుంది. తలుపు తీసేది ఆవిడే. "నాకేం తెలుసండీ, సాయంత్రం ఆయనొస్తారు, ఆయన్ని అడగండి" అంటారు. చాలామంది అక్కడే ఆవిడ పేరు కొట్టేసి ఆయన పేరు రాసుకుంటారు. అలా చేయకండి. "లేదండీ, చీటీలో మీ పేరే వచ్చింది. మీరు చెప్పిందే రాసుకుంటాను. తెలియదన్నా అదే రాసుకుంటాను" అనండి. కాసేపాగితే చెబుతారు. మంచినీళ్ల చెరువు ఎప్పుడు నిండుతుందో, ఊడ్పుల కూలి ఏ నెలలో మొదలైతే పిల్లల స్కూలు ఖర్చుకి అందుతుందో ఆయన కంటే ఆవిడకే బాగా తెలిసి ఉండొచ్చు. పక్కన అత్తగారో ఆయనో నిలబడి జవాబులు అందిస్తుంటే, మర్యాదగా "వారి మాట కూడా వింటానండీ, ముందు ఈవిడ చెప్పనివ్వండి" అనాలి. ఓటు ఎవరికన్న ప్రశ్నకైతే ఇదీ చాలదు. లోక్‌నీతి వాళ్లు నమూనా బ్యాలెట్ ఇచ్చి, మడిచి పెట్టెలో వేయమంటారు. ఎవరి చెవినా పడదు.

మనిషి ఇంట్లో లేకపోతే పక్కింటివాళ్లని అడిగేసి లెక్క సరిపెట్టకూడదు. ఈ నియమం మీద నేను పట్టుదలగానే ఉంటాను. పగలు ఇంట్లో దొరికే మనిషీ, దొరకని మనిషీ ఒకరు కారు. దొరకనివాడు కొబ్బరి దింపుకి వెళ్లాడు, ఆమె ఊడ్పులకి వెళ్లింది. వాళ్ల బదులు ఇంట్లో ఉన్న పక్కింటాయన్ని వేసుకుంటే టీ కొట్టు సర్వే దొడ్డిదారిన మళ్లీ వచ్చేస్తుంది. మూడుసార్లు వెళ్లండి, మూడు వేర్వేరు వేళల్లో. కూలికి వెళ్లే ఇళ్లకి పొద్దుగూకాక వెళ్లాలి. ఆదివారం ప్రార్థనకి వెళ్లే ఇళ్లకి మధ్యాహ్నం తర్వాత. సంక్రాంతి వారంలో మాత్రం అసలు మొదలుపెట్టకండి. ఆ వారం ఊళ్లో ఉండేది వేరే ఊరు.

మూడుసార్లకీ దొరకకపోతే పేరు పక్కన కారణం రాయండి. చనిపోయారు, ఊరు మారారు, దొరకలేదు, ఇష్టపడలేదు. ఈ నాలుగూ వేర్వేరు. 210లో 25 మంది చనిపోయినవాళ్లో ఊరు మారినవాళ్లో అనుకుందాం. మిగిలిన 185 మందిలో 140 మంది జవాబిస్తే, నూటికి దాదాపు 76 మంది మాట్లాడినట్టు. ఈ అంకె మీ ఫలితంతో పాటే ప్రకటించండి. టీవీలో సర్వే చూసినప్పుడు కూడా ముందు ఈ అంకె కోసం వెతకండి. చాలాసార్లు కనిపించదు.

ఎంతమంది చాలు అన్న ప్రశ్నకి అంత టైమ్ అక్కర్లేదు. చీటీ పద్ధతిలో తీసిన జవాబుల సంఖ్యకి వర్గమూలం కట్టి, 100ని దానితో భాగిస్తే, పొరపాటు సుమారు ఎంత ఉండొచ్చో వస్తుంది. 100 మందికి అటూ ఇటూ 10 శాతం, 400 మందికి 5, 1,000 మందికి 3. మన 140కి ఎనిమిదిన్నర. అంటే నూటికి 58 మంది మేలన్నారంటే, అసలు సంగతి దాదాపు 50కీ 66కీ మధ్య ఎక్కడో ఉందని అర్థం. ఊరు పెద్దదా చిన్నదా అన్నదానితో ఈ లెక్కకి పెద్ద సంబంధం లేదు. వెయ్యి మందిని అడిగితే మండలానికైనా రాష్ట్రానికైనా ఇంచుమించు అదే మూడు శాతం వస్తుంది.

అయితే ముక్కలు చేసేకొద్దీ లెక్క పల్చబడుతుంది. 140లో కౌలు రైతులు 50 మందే ఉంటే, వాళ్ల గురించి చెప్పే ప్రతి అంకెకీ అటూ ఇటూ 14 శాతం పొరపాటు. రాష్ట్ర సర్వేలకీ ఇదే చిక్కు. 175 అసెంబ్లీ స్థానాల మీద 2,000 మందిని పరిచితే ఒక్కో స్థానానికి పదకొండు మంది వస్తారు. 2019లో జనసేన రాష్ట్రంలో సుమారు ఐదున్నర శాతం ఓట్లతో ఒకే ఒక్క సీటు గెలిచింది, అది మన రాజోలు. పదకొండు మందిని అడిగి రాజోలు సంగతి చెప్పడం ఎవరి తరమూ కాదు. అదే ఎన్నికలో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లకి 23 సీట్లు వచ్చాయి. 2024లో వైసీపీకి కూడా దాదాపు 39 శాతమే వచ్చింది, సీట్లు 11. ఓట్ల శాతం నుంచి సీట్లకి వెళ్లే దారి ఎందుకంత జారుడుగా ఉంటుందో ఐదో పాఠంలో చూద్దాం.

వచ్చే పాఠంలోగా చేయాల్సిన పని ఇది. మీ బూత్ ఓటర్ల జాబితా డౌన్‌లోడ్ చేసుకోండి. ప్రతి ఇరవయ్యో పేరూ తీసి ఒక కాగితం మీద రాయండి, పక్కన వయసు, మగా ఆడా అన్నది కూడా. ఇంకా ఎవరినీ ఏమీ అడగొద్దు. మీరు తీసిన పేర్లలో ఆడవాళ్లు ఎంత శాతమో, 30 లోపువాళ్లు ఎంత శాతమో లెక్కకట్టి, బూత్ మొత్తం జాబితాతో పోల్చి చూడండి. తర్వాత ఆ పేర్లలో మీకు ముఖపరిచయం కూడా లేనివాళ్లు ఎంతమందో గీత గీసి గుర్తు పెట్టుకోండి. నాలుగో పాఠంలో మనం మొదట వెళ్లేది వాళ్ల ఇళ్లకే.