పీస్ నదిలో శిలాజ పళ్లు, ఎముకలు: ఎక్కడ వెతకాలి, ఎలా పోల్చుకోవాలి

ఫ్లోరిడాలోని పీస్ నదికి డిసెంబరు, మే నెలల నడుమ వెళ్లండి. వానలు పడితే అడుగు అందదు. టాంపా చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకు ఈ నది పక్కనున్న ఆర్కేడియా ఊరు సుమారు గంటన్నర దారి. సొర పళ్లు ఏరుకోవడానికి అనుమతి అక్కర్లేదు. గుర్రం, ఏనుగు లాంటి జంతువుల శిలాజాలకు మాత్రం ఫ్లోరిడా మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ పర్మిట్ ఉండాలి. గట్లు తవ్వకండి. రాతి బాణపు మొనలు కనిపించినా తీసుకోకూడదు. ఎలిగేటర్లు తిరిగే నది కాబట్టి లోతు మడుగుల జోలికి పోవద్దు.

కావలసినవి మూడే: పావు అంగుళం కన్నుల జల్లెడ, పొడుగు పిడి పార, నాలుగడుగుల ఇనుప చువ్వ. అర అంగుళం కన్నులైతే చిన్న పళ్లు జారిపోతాయి. మరీ సన్నవైతే గులక దిగక చేతులు పడిపోతాయి.

మోకాలి లోతు నీళ్లలో చువ్వ గుచ్చుతూ నడవండి. ఇసుకలో మెత్తగా దిగుతుంది, బంకమట్టిలో పట్టేస్తుంది, గులకరాళ్లు తగిలితే కరకరమంటుంది. పార వేయాల్సింది ఆ కరకర వినిపించిన చోటే. వంపుల దగ్గరా, పడిపోయిన చెట్ల వెనకా ఎక్కువగా తగులుతుంది. బరువైన ముక్కలు గులక అడుగున, బంకమట్టికి ఆనుకుని చేరతాయి. పైపైన తోడి వదిలేస్తే అవి అందవు. జల్లెడ మూడో వంతుకు మించి నింపకండి.

రంగు చూసి మాత్రం తేల్చకండి. ఆకుల కషాయంలా ఉండే ఈ నీళ్లలో నాలుగేళ్ల కిందటి ఆవు ఎముక కూడా నల్లబడుతుంది. ఎర్రగా కాల్చిన సూది ఆనిస్తే కొత్త ఎముక జుట్టు కాలిన కంపు కొడుతుంది. శిలాజం సాధారణంగా కొట్టదు. అసలు ఆధారం ఆకారమే.

గుర్రం పైదవడ పన్ను నలుచదరపు స్తంభంలా పొడుగ్గా ఉంటుంది. నమిలే ముఖాన్ని వెలుతురుకు తిప్పితే మెలికలు తిరిగిన ఎనామిల్ గీతలు కనిపిస్తాయి. కిందిదవడది సన్నం. అంతరించిన ఏనుగు లాంటి జంతువులు రెండున్నాయి: పన్ను పలకలు పక్కపక్కన పేర్చినట్టుంటే మామత్, మందమైన ఎనామిల్‌తో గుబ్బలుంటే మాస్టొడాన్. విరిగిన ముక్కల్లో ఈ రెండింటినీ తికమకపడేవాళ్లు చాలామంది. అంతరించిన భారీ సొర మెగలడాన్ పంటికి అంచున సన్నని రంపపు పళ్లు, వేరుకూ మొనకూ మధ్య వి ఆకారపు పట్టీ ఉంటాయి. మధ్యలో గుల్ల లేకుండా రాయిలా బరువున్న వంపు ముక్క దొరికితే డ్యూగాంగ్ (సముద్రపు ఆవు) పక్కటెముక. ఇది జల్లెడ జల్లెడకూ వస్తుంది. గుంటలు గుంటలుగా ఉన్న పలక ఎలిగేటర్ చర్మంలోది కావచ్చు.

ఒకే జల్లెడలో పడ్డాయని ఒకే కాలానివి అనుకోకండి. నది పాత పొరలను కోస్తూ లక్షల ఏళ్ల తేడా ఉన్నవాటిని కలిపేస్తుంది.

ఇంటికొచ్చాక మంచినీళ్లలో మెత్తటి బ్రష్‌తో కడిగి నీడలో నిదానంగా ఆరబెట్టండి. ఎండలో పెడితే మామత్ పలకలు విడిపోతాయి, పళ్ల ఎనామిల్ పెచ్చులూడుతుంది. బీటలు వారుతున్న ముక్కకు పూర్తిగా ఆరాకే అసిటోన్‌లో పలచగా కలిపిన పారాలాయిడ్ బి-72 అనే ప్లాస్టిక్ జిగురు పూయండి. తేదీ, దొరికిన చోటు రాసిన చీటీ ఆ రోజే జతచేయండి.