పప్పుకూర మొక్కను గుర్తుపట్టడం - 3వ పాఠం: అది ఏ పిండి?

పప్పుకూర అంటే చేలల్లో కలుపుగా మొలిచే, పప్పులో వేసుకునే ఆకుకూర. పోయిన పాఠంలో దాని గురించి నేను రాసిన ఒక్క వాక్యం కొంప ముంచింది. "ఆకు అడుగున పిండి చల్లినట్టు తెల్లగా ఉంటే పప్పుకూరే అనుకోండి" అన్నాను. ఆ మాట పట్టుకుని మీరు పంపిన ఫొటోల్లో పిండినల్లి పట్టిన మందార కొమ్మ ఉంది, బూడిద తెగులు వచ్చిన మినుము ఉంది, రోడ్డు పక్క దుమ్ము కొట్టుకుపోయిన చిలకతోటకూర ఉంది. ఒకరు గోడకు సున్నం వేసిన మర్నాడు వంగ ఆకు ఫొటో తీసి పంపారు. తప్పు నాదే. ఈసారి పువ్వు దగ్గర మొదలుపెట్టాలనుకున్నాను గానీ, ముందు ఈ పిండి సంగతి తేల్చుకుందాం.

పప్పుకూర మీద పిండి బయటి నుంచి వచ్చి పడింది కాదు. మొక్క తన చర్మం మీద తానే పెంచుకున్న నీటి బుడగలవి. ఒక్కో బుడగ సన్నటి కాడ మీద నిలబడి ఉంటుంది. పది రెట్లు పెద్దదిగా చూపే లెన్సు కంటికి ఆనించి, లేత ఆకును దగ్గరకు తెచ్చుకుని చూడండి. సగ్గుబియ్యం ఒంపినట్టు గుండ్రటి మెరిసే గింజలు కనిపిస్తాయి. ఆకు ముదిరే కొద్దీ అవి ఎండి, కుంగి, పలచబడతాయి. అందుకే పిండి ఎక్కడ ఎక్కువుందో చూడడమే నా మొదటి పరీక్ష. మొక్క చివర చిగురు తెల్లగా, కింది ఆకులు పచ్చగా ఉంటే సరైన దారిలో ఉన్నట్టే.

బూడిద తెగులు దీనికి తలకిందులు. అది సాధారణంగా కింది ముదురాకుల మీద, ఎక్కువగా పైవైపు, గుండ్రటి మచ్చలుగా మొదలై పాకుతుంది. లెన్సులో గింజలు ఉండవు, సాలెగూడు లాంటి బూజు ఉంటుంది. పిండినల్లి అయితే పుల్లతో కదపండి, దూది విడిపోయి కింద పురుగు బయటపడుతుంది. చుట్టూ చీమలుంటే ఇక లెన్సు కూడా అక్కర్లేదు. దుమ్ము, సున్నం చెంబుడు నీళ్లతో పోతాయి. పప్పుకూర లేతాకును నీళ్లలో ముంచి తీస్తే నీరు అంటదు, ముత్యాల్లా జారిపోతుంది. తామరాకు చూసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి చీనోపోడియం ఆల్బమ్ అని పేరు పెట్టాడు. ఆల్బమ్ అంటే తెలుపు, ఈ పిండిని చూసే ఆ పేరు. మొదటి మాటకు పెద్దబాతు పాదం అని అర్థం, ఆకు ఆకారాన్ని బట్టి. ఆ పాదం కోసం వెతికి చాలామంది టెన్షన్ పడ్డారు. వెతక్కండి. ఒకే మొక్కలో కింది ఆకులు వెడల్పుగా, అంచు పళ్లుపళ్లుగా ఉంటాయి. పైకి పోయే కొద్దీ సన్నగా, పళ్లు లేకుండా అయిపోతాయి. ఒక్క ఆకు కోసి పంపితే నేను పేరు చెప్పను. ఫోన్ యాప్ చెప్పిన పేరు కూడా నాకు రాయకండి.

పిండి ఉన్నంత మాత్రాన పప్పుకూర అని కూడా కాదు, దాని చుట్టాలకూ ఉంటుంది. గోడల పక్కన మొలిచే ఒక చుట్టం ముదురాకుపచ్చగా మెరుస్తుంది, ఆకు అంచు రంపంలా కోసుకుపోయి ఉంటుంది, నలిపితే వాసన బాగోదు. ఇంకొకటి ఘాటు వాసన వేస్తుంది, దాని ఆకు మీద పిండికి బదులు పసుపు రంగు నూనె గ్రంథులు ఉంటాయి. ఆ నూనెను ఒకప్పుడు నులిపురుగుల మందుగా వాడారు, మోతాదు మించి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. నలిపితే గుప్పుమనే మొక్క ఏదైనా సరే, పప్పులో వేయకండి. కలుపు మందు కొట్టిన శనగ చేలోది, నిజం పప్పుకూరే అయినా వద్దు.

ఇక పువ్వు. రంగు రేకులు ఉండవు. అయిదు పచ్చటి తునకలు, ఒక్కోదానికి వీపు మీద గట్టు, లోపల అయిదు కేసరాలు, రెండు కీలాగ్రాలు (పుప్పొడిని పట్టుకునే కొసలు). ముదిరిన కంకిని అరచేతిలో నలిపి ఊదితే పొట్టు ఎగిరిపోయి ఆవగింజ కన్నా చిన్న, నల్లటి, చదును గింజలు మిగులుతాయి. తోటకూర గింజలూ అచ్చం ఇలాగే ఉంటాయి, కాబట్టి గింజను చూసి మురిసిపోకండి. దాన్ని చుట్టుకున్న తొడుగు చూడండి. పప్పుకూరది మెత్తటి పచ్చటి అయిదు తునకల గిన్నె. తోటకూరది ఎండిన కాగితంలాంటి, మొన తేలిన పొలుసులు.

గింజ లోపల పిండం, అంటే మొలకయ్యే భాగం, ఉంగరంలా చుట్టుకుని ఉంటుంది. నమ్మకం లేకపోతే కిరాణాలో దొరికే కినోవా ఉడకబెట్టండి. అదీ చీనోపోడియం ప్రజాతిదే. ఉడికాక గింజ నుంచి ఊడివచ్చే తెల్లటి తోక ఆ పిండమే.

అభ్యాసం మరిచేపోయాను. ఒకే మొక్క నుంచి కింది నుంచి చివరిదాకా వరసగా 15 ఆకులు కోసి, వరస తప్పకుండా పాత పేపర్ల మధ్య అదమండి. వారం రోజులు రోజూ పేపర్లు మార్చాలి, లేదంటే నల్లబడతాయి. పక్కనే బూడిద తెగులు పట్టిన ఆకు ఒకటి విడిగా అదిమి ఉంచండి. చీటీ మీద తేదీ, చోటు, నేల రకం రాయండి. పేరు రాయాల్సిన చోటు మాత్రం, ఆ మొక్క పూసి పువ్వులో అయిదు తునకలు మీరే లెక్కపెట్టేదాకా ఖాళీగా వదిలేయండి.