కళతో పాఠం – 3: ముగ్గు చుక్కల్లో వర్గ సంఖ్యలు

గత రెండు పాఠాల్లో పాటనీ అభినయాన్నీ తరగతిలోకి తెచ్చాం. ఈ వారం లెక్కల పీరియడ్. 1 నుంచి వరుసగా బేసి సంఖ్యలు కూడితే వర్గ సంఖ్య వస్తుందని 8వ తరగతిలో చెబుతాం కదా, ఆ చోటికి ఈ పాఠం.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. మొదటిసారి సూత్రమంతా బోర్డు మీద చెప్పేసి, చివరి పది నిమిషాల్లో "ఇక ముగ్గులు వేయండి" అన్నాను. వరండా కళకళలాడిపోయింది. మర్నాడు అడిగితే తమ ముగ్గులో ఎన్ని చుక్కలున్నాయో ఒక్కరూ చెప్పలేదు. పాఠం అయిపోయాక కట్టే తోరణంలా వాడాను కళని. 2020 జాతీయ విద్యా విధానం కళల్ని పాఠాలతో ముడిపెట్టమంటుంది. ముడి అంటే, ముగ్గు తీసేస్తే పాఠం నిలబడకూడదు.

ఈసారి సూత్రం చెప్పకండి. ఐదుగురికో జట్టు, కాస్త ముగ్గుపిండి, చిటికెడు ఎర్రరంగు. "7 చుక్కలు, 1 వచ్చేవరకు" అనండి చాలు, ఇళ్లలో విన్న మాటే. నడుమ 7, పైకీ కిందికీ 5, 3, 1. చుక్క కింద చుక్క రావాలి. సందు చుక్క పెడితే ఈ లెక్క కుదరదు.

ముగ్గు ఆడపిల్లల పనని మగపిల్లలు వెనక్కి జరగడం ఏటా చూస్తున్నాను. అందుకే పిండి మొదట వాళ్ల చేతికే ఇస్తాను. రెండు వేళ్ల మధ్య పిండి ఒక్కోసారి కుప్పగా పడుతుంది, మూడో వరుసకల్లా చుక్కలు పక్కకి జరిగిపోతాయి. మీరు సరిదిద్దకండి. కాస్త వెనక్కి వెళ్లి కళ్లు చిట్లించి చూసి, వాళ్లే చెరిపి మళ్లీ పెడతారు. ఆ ఐదు నిమిషాలు వృథా కాదు.

మొత్తం 25. "ఎలా లెక్కపెట్టావు?" అని ప్రతి జట్టునీ అడగండి.

ఇప్పుడు అసలు పని. ప్రతి వరుసలో రెండు చివరలూ తెల్లగా ఉంచి, ఒకటి విడిచి ఒకటి ఎర్రరంగు వేయించండి. తర్వాత ఏటవాలుగా, మూల నుంచి చూడమనండి. నాలుగు నాలుగుల తెల్ల చతురస్రం, దాని సందుల్లో మూడు మూళ్ల ఎర్ర చతురస్రం కనిపిస్తాయి. 16, 9. ఇక్కడ పిల్లలు తప్పకుండా అరుస్తారు, అరవనివ్వండి.

ఆ అరుపుల్లోనే అడగండి: పై నాలుగు వరుసలు 1+3+5+7, అదీ 16 ఎందుకయింది? ఇదే ముగ్గు కాగితం మీద వేయించి, 7 చుక్కల వరుసకీ దాని కింది 5 చుక్కల వరుసకీ మధ్య మడత పెట్టించండి. వెలుతురుకి పట్టి చూస్తే కింది ఆరు తెల్లచుక్కలూ పైనున్న ఆరు ఎర్రచుక్కల మీద సరిగ్గా కూర్చుంటాయి. అంటే మొత్తం తెల్లచుక్కలు ఎన్నో, పై నాలుగు వరుసల చుక్కలూ అన్నే. సూత్రం ఇప్పుడు బోర్డు మీద రాయండి. సగం మంది మీకంటే ముందే చెప్పేస్తారు.

మీకు ఇంటిపని: 9 చుక్కలు, 1 వచ్చేవరకు. చుక్క పెట్టకముందే మొత్తం ఎంతో కాగితం మీద రాసుకోండి, తర్వాత వేసి 41 వచ్చిందో లేదో చూడండి. వచ్చే వారం సందు చుక్క, 7 నుంచి 4 వరకు. ఆ ముగ్గుకి ఆరు మూలలు ఎందుకొస్తాయో అప్పటిదాకా ఆలోచిస్తూ ఉండండి.