ఫ్లైట్ టైమ్ లెక్క కుదరట్లేదా? ముందు తేడా ఎంతో చూడండి

యలహంకలో మా పీజీలో ఉండి పైలట్ శిక్షణ తీసుకునే తమ్ముళ్లు నావిగేషన్ పేపర్ దగ్గర పడేకొద్దీ నోట్‌బుక్ పట్టుకుని నా గదికి వస్తారు, "అన్నా, ఫార్ములా కరెక్టే, ఆన్సరే రావట్లేదు" అంటూ. దూరాన్ని గ్రౌండ్ స్పీడుతో (నేలతో పోలిస్తే విమానం వేగం) భాగించడమే కాబట్టి ఫార్ములాలో తప్పుపోవడానికి ఏమీ లేదు, తప్పంతా అందులో వేసే అంకెల్లోనే. అందరికీ ఒకటే లెక్క ఇస్తాను: బెంగళూరు జక్కూరు ఎయిర్‌ఫీల్డ్ నుంచి చెన్నై, సుమారు 150 నాటికల్ మైళ్లు, ఎత్తు 7,500 అడుగులు, ఇండికేటెడ్ స్పీడు, అంటే మీటర్ చూపించే వేగం, 100 నాట్లు (గంటకు 100 నాటికల్ మైళ్లు).

టైమ్ 15 శాతం ఎక్కువ వస్తోందా?

మీటర్ చూపించిన 100నే వేసేసి, గంటన్నర తెచ్చుకుని ఉంటారు. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, విమానం నిజంగా పోయే వేగం కంటే మీటర్ తక్కువ చూపిస్తుంది. ప్రతి 1,000 అడుగులకు 2 శాతం కలపండి, ట్రూ ఎయిర్ స్పీడు (గాలిలో అసలు వేగం) 115 వస్తుంది, గాలి లేకపోతే టైమ్ 1 గంట 18 నిమిషాలు. ఇది చేతి అంచనా, పరీక్షలో మాత్రం ఉష్ణోగ్రత పెట్టి ఫ్లైట్ కంప్యూటర్ (పైలట్లు లెక్కలకి వాడే పరికరం) మీదే తీయాలి. ఒక్క జాగ్రత్త: దూరాన్ని మామూలు మైళ్లలో, అంటే 173 వేసి 115తో భాగించినా అదే గంటన్నర వస్తుంది! అందుకే యూనిట్లు ముందు చూసుకోండి.

తేడా 2, 3 శాతమేనా?

మ్యాప్ కింది అంచున, రేఖాంశాల స్కేలు మీద డివైడర్ పెట్టి కొలిచారన్నమాట. మన 13 డిగ్రీల దగ్గర 150 కాస్తా 154 అవుతుంది. పక్క అంచున అక్షాంశాల స్కేలు మీద కొలవండి.

వెళ్లేటప్పుడు సరిపోయి, వచ్చేటప్పుడు సరిపోవట్లేదా?

గాలి 270 డిగ్రీలు అంటే పడమర నుంచి వస్తోందని, పడమరకి పోతోందని కాదు. వర్షాకాలంలో ఇక్కడ ఆ ఎత్తులో ఎక్కువగా పడమటి గాలే. అది 20 నాట్లుంటే చెన్నైకి 135తో 1 గంట 7 నిమిషాలు, తిరిగొచ్చేటప్పుడు 95తో 1 గంట 35 (తిరిగొచ్చేటప్పుడు ఎగిరే ఎత్తు మారుతుంది, లెక్క కోసం ట్రూ స్పీడు అదే ఉంచాను). గాలి వెళ్లేటప్పుడు ఇచ్చింది వచ్చేటప్పుడు తీసుకుంటుందిలే అనుకోవద్దు, ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి మొత్తమ్మీద గాలి లేని రోజుకంటే 5 నిమిషాలు ఎక్కువే పడుతుంది.

ఇంధనం లెక్క తేడాగా ఉందా?

నాకు నిజంగా భయం వేసేది దీనికే. మొన్న ఒక తమ్ముడి నోట్‌బుక్‌లో కాలిక్యులేటర్ చూపించిన 1.58ని 1 గంట 58 నిమిషాలని రాసుకుని, కింద పెన్సిల్‌తో గీత కూడా కొట్టి ఉంది. 0.58ని 60తో గుణిస్తే 35 నిమిషాలు. ఇది పరవాలేదు, ఇంధనం మిగులుతుంది. రివర్స్‌లో 1 గంట 35ని 1.35 అని రాస్తేనే ప్రమాదం: గంటకు 8 గ్యాలన్లు తాగే విమానానికి 12.6 కావాల్సిన చోట 10.8 అని తేలుతుంది. దాదాపు 2 గ్యాలన్లు, అదీ ఎదురుగాలిలో వచ్చే రోజున! కాగితం మీద గంటలకీ నిమిషాలకీ మధ్య చుక్క పెట్టడం ఇవాళే మానేయండి.

చేరే టైమ్ ఐదున్నర గంటలు తేడా ఉంటే అది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం), 5:30 కలిపితే మన టైమ్.

అన్నీ సరిగ్గా వేసినా గాల్లో 2, 3 నిమిషాలు ఆలస్యమవుతుంటే అది క్లైంబ్, అంటే పైకి ఎక్కే సమయం. జక్కూరు దాదాపు 3,000 అడుగుల మీద ఉంది, నిమిషానికి 500 చొప్పున 7,500కి ఎక్కడానికి 9 నిమిషాలు, అంతసేపూ క్రూజ్ స్పీడు (పైకి చేరాక నిలకడగా పోయే వేగం) ఉండదు. ఆ ముక్కని విడిగా లెక్క కట్టి కలపండి.