వైట్ మ్యాటర్‌లో నీళ్లు 66 శాతమే చూపిస్తోందా? ముందు వెంట్రికల్ చూడండి

ఎంఆర్ఐతో మెదడులో నీటి శాతం కొలిచి మ్యాప్ తెరవగానే అందరూ వైట్ మ్యాటర్ (నరాల తీగలుండే లోపలి భాగం) మీద పడతారు. ముందు చూడాల్సింది వెంట్రికల్, అంటే మెదడు లోపల ద్రవంతో నిండిన గది. అక్కడున్న ద్రవం, సీఎస్ఎఫ్, దాదాపు అంతా నీళ్లే, అంకె 100 దగ్గర ఉండాలి. వైట్ మ్యాటర్ 70, గ్రే మ్యాటర్ (నరకణాలుండే భాగం) 82 చుట్టుపక్కల రావాలి. అర నిమిషం పని, దయచేసి మానొద్దు.

పుర్రె దగ్గర ఎక్కువ, మధ్యలో తక్కువ వస్తోందా? సిగ్నల్ అందుకునే రిసీవ్ కాయిల్ దగ్గరి చోట్లను ఎక్కువగా చూపిస్తుంది, ఆ సెన్సిటివిటీ తేడాని సరిచేయలేదు. సరిచేసి మళ్లీ చూడండి.

సీఎస్ఎఫ్ ఒక్కటే పడిపోయిందా? టీఆర్, అంటే ఒక రేడియో పల్స్‌కీ తర్వాతి దానికీ మధ్య సమయం, చాల్లేదు. పల్స్ తర్వాత సిగ్నల్ ఎంత నెమ్మదిగా కోలుకుంటుందో చెప్పేది టీ1, సీఎస్ఎఫ్‌కి అది దాదాపు 4 సెకన్లు. 90 డిగ్రీల పల్స్‌తో, 5 సెకన్ల టీఆర్‌తో తీస్తే సిగ్నల్ 71 శాతమే కోలుకుంటుంది. టీ1 మ్యాప్‌తో పాటు ఫ్లిప్ యాంగిల్ (పల్స్ నిజంగా ఎన్ని డిగ్రీలు తిప్పిందో) మ్యాప్ కూడా తీసి సరిదిద్దాలి.

అన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గాయా? నన్ను బాగా ఏడిపించింది ఇదే. ఒకే వాలంటీర్‌కి ఒక వారం వైట్ మ్యాటర్ 68, మరుసటి వారం 66 వచ్చింది. రెండు రోజులు కాయిల్‌నే అనుమానించాను. తల పక్కన ఒక నీళ్ల ట్యూబ్ పెట్టి, దాని సిగ్నల్‌నే 100 శాతంగా లెక్కేస్తాం. చివరికి ఆ ట్యూబ్ తీస్తే చేతికి చల్లగా తగిలింది. మొదటిసారి దాన్ని జేబులో వేసుకొచ్చాను, రెండోసారి రాత్రంతా ఏసీ గదిలోనే ఉంది.

నీళ్లు చల్లబడితే ప్రోటాన్ల మాగ్నెటైజేషన్ (సిగ్నల్‌కి మూలమైన అయస్కాంతత్వం) పెరుగుతుంది. కెల్విన్ ఉష్ణోగ్రతకు అది విలోమానుపాతంలో ఉంటుంది. మెదడు 310 కెల్విన్, 20 డిగ్రీల ట్యూబ్ 293. అంటే ట్యూబ్ సిగ్నల్ దాదాపు 6 శాతం ఎక్కువ. దాంతో భాగిస్తే 70 కాస్తా 66 అవుతుంది, సీఎస్ఎఫ్ కూడా 94, 95కి దిగుతుంది. ఆ రోజు నేను వెంట్రికల్ చూసుంటే రెండు రోజులు మిగిలేవి.

స్కాన్‌కు ముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి గది బయట ట్యూబ్ ఉష్ణోగ్రత కొలిచి, స్కాన్ షీట్‌లోనే రాయండి. వచ్చిన శాతాన్ని 310తో గుణించి ట్యూబ్ కెల్విన్‌తో భాగించండి. తల వేడికి స్కాన్ మధ్యలో ట్యూబ్ కూడా వెచ్చబడుతుంది, కాబట్టి ఒక్కసారి కొలిస్తే సరిపోదు. లివర్ జబ్బుతో మెదడుకు వచ్చే స్వల్ప వాపులో మార్పు ఒకటి రెండు శాతమే. ట్యూబ్ చల్లదనం దాన్ని పూర్తిగా మింగేస్తుంది.

పేషెంట్‌కి 39 డిగ్రీల జ్వరం ఉంటే తేడా అర శాతం పైనే, అదీ రాసుకోండి. ఐరన్, కొవ్వు లాంటి వాటివల్ల తేడా రావడం అరుదు, పైవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.